మూల పాకెట్ మీద దిండు గలీబు

ఆమె గెలిచిన ఆటని ఆమె ఎదుటే తుడిచేశారు. గోడమీది పలకపై సుద్దముక్కతో రాసిన గెలుపు, తడిగుడ్డ ఒక్కసారి అటునుంచి ఇటు తిప్పితే పోయింది. ఆ తడిగుడ్డ కూడా ఆమెదే. మేనేజరు చెయ్యి చాపి "ఒకసారి ఇటివ్వక్కా" అంటే చేతులు తుడుచుకోడానికేమో అనుకుని ఇచ్చింది. పలక తుడిచాక మళ్ళీ ఆమెకే ఇచ్చాడు. ఆమె దాన్ని పిండి, మడిచి, చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

మా వీధి మలుపులో టైర్ల కొట్టుంది. దాని పై అంతస్తులో పూల్ హాలు. పైకెళ్ళే మెట్ల కింద, ఎండా వానా తగలని ముక్కోణం జాగాలో ఒక బల్ల, బల్ల మీద ఇస్త్రీ పెట్టె, బల్ల వెనక ఆమె. వీధంతా ఇస్త్రీ అక్క అంటారు. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు, ఆమె అత్తగారొక్కరు తప్ప. ఆవిడ "ఏమే" అంటుంది.

పూల్ టేబుల్‌కి ఇస్త్రీ ఏమిటని నవ్వకండి. టేబుల్ మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డకి పిల్లి వీపు మీద ఉన్నట్టు సన్నని నూగుంటుంది. రోజంతా బంతులు దొర్లి, మోచేతులు రాసుకుని, ఆ నూగు ఎటుపడితే అటు లేస్తుంది. పొద్దున్నే దాన్ని బ్రష్షుతో ఒకే వైపుకి దువ్వి, గోరువెచ్చని పెట్టెతో అదే వైపుకి ఒత్తాలి. చొక్కాకి చేసినట్టు వెనక్కీ ముందుకీ లాగితే గుడ్డ పాడు. ఒకప్పుడు ఈ పని మేనేజరే చేసేవాడు. ఓ రోజు ఫోన్ మోగితే పెట్టె టేబుల్ మీదే ఉంచి కబుర్లలో పడ్డాడు. పడవ ఆకారంలో మాడిన మచ్చ రెండో టేబుల్ మీద ఇప్పటికీ ఉంది. ఆ రోజే కిందకి దిగివచ్చి, "అక్కా, పొద్దున పూట ఒకసారి పైకొచ్చి పోతావా?" అని అడిగాడు.

ఇస్త్రీ కుదిరిందో లేదో చూడ్డానికి ఆమె ఒక బంతిని చేత్తో దొర్లించి చూసేది. కొన్నాళ్ళకి చెయ్యి బదులు స్టిక్ పట్టుకుంది. తెల్లబంతిని స్టిక్‌తో కొట్టాలి, అది వెళ్ళి రంగుబంతిని తాకాలి, రంగుబంతి వెళ్ళి టేబుల్ అంచునున్న కన్నాల్లో ఒకదాంట్లో పడాలి. ఆ కన్నమే పాకెట్. చూడ్డానికి ఇంతే. మేనేజరు అడ్డు చెప్పలేదు. "ఎవరూ లేనప్పుడు ఆడుకో అక్కా, బంతులేం అరిగిపోవు" అన్నాడు. మంచివాడే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమొస్తుంది.

పోయినేడాది హాలు పోటీకి ఒక పేరు తక్కువైతే జత సరిపోవడానికి ఆమె పేరు రాశారు. నవ్వుకోడానికి రాశారు. ఒక్కొక్కళ్ళనీ ఓడిస్తూ ఆమె చివరి ఆటకొచ్చేసరికి నవ్వు పలచబడింది. చివరి ఆట స్పేర్ పార్టుల షాపాయనతో. ఏటేటా ఆయనదే గెలుపు, తలుపు పక్కన వరసగా ఆయన ఫోటోలే. అందరూ ఛాంపియన్ అంటారు. ఆయన భార్య కూడా హాలుకి ఫోన్ చేసి, "ఛాంపియన్ గారిని వచ్చేటప్పుడు కూరగాయలు తెమ్మనండి" అంటుంది.

ఆమె కొట్టిన నల్లబంతి, పడితే ఆట గెలిపించే ఆఖరి బంతి, కిటికీ పక్కనున్న ఎడమ మూలకి వెళ్ళింది. మెల్లగా, టేబుల్ చుట్టూ గట్టులా ఉండే కుషన్ అంచుని ఒరుసుకుంటూ వెళ్ళి, పాకెట్ నోటి దగ్గర ఆలోచించుకున్నట్టు నిలబడి, పడింది. చప్పట్లు కొడదామనుకున్నవాళ్ళు ఛాంపియన్ మొహం చూసి చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. ఆయన వంగి టేబుల్‌ని అరచేత్తో నిమిరాడు.

"ఈ మూల లాగుతోంది" అన్నాడు.

ఇంకోసారి నిమిరి, తలెత్తాడు.

"పొద్దున ఇస్త్రీ చేసిందెవరు?"

అంతే. నూగుని మూల వైపుకి దువ్వి బంతులు అటు జారేలా చేసిందని ఆయన నోరు తెరిచి అననే లేదు. అనాల్సిన పని లేకపోయింది. మిగతాదంతా చుట్టూ ఉన్నవాళ్ళే తమలో తాము పూర్తి చేసుకున్నారు. ఒక బంతి తీసి దొర్లించి చూద్దామని ఒక్కళ్ళకీ తోచలేదు. ఆయన కూడా అదే టేబుల్ మీద, అదే నూగు మీద, అదే మూలకి కొట్టాడు కదా అని ఎవరూ అడగలేదు. మేనేజరు పలక తుడిచాడు. మర్నాడు గోడకి అట్టముక్క వేలాడింది: "టేబుల్ పని చేసేవారు టేబుల్ మీద పోటీ ఆడరాదు."

"ఏమనుకోకక్కా. ఇస్త్రీ పెట్టో, స్టిక్కో, ఏదో ఒకటి ఎంచుకో" అన్నాడు మేనేజరు.

ఇంట్లో ఆమె సంపాదన ఆగితే నడవదు. పెట్టె ఎంచుకుంది. ఆ వారం కూడా ఛాంపియన్ చొక్కాలు ఎప్పట్లాగే ఆమె బల్ల మీదకి వచ్చాయి. ఎప్పట్లాగే ఇస్త్రీ చేసింది. ఒక్క కాలరు కూడా మాడలేదు. నేనైతే మాడ్చి ఉండేదాన్ని.

*

ఆమె భర్త స్కూలు బస్సు నడుపుతాడు. రోజంతా పిల్లల అరుపులు విని వచ్చేవాడు కాబట్టి ఇంటికొచ్చాక ఏ గొడవైనా "వదిలెయ్" అంటాడు. ఇదీ అలాగే వదిలెయ్యమన్నాడు. అత్తగారు వదల్లేదు.

"నిజం చెప్పు. ఏం చేశావే?"

"ఏం చెయ్యలేదత్తయ్యా."

"ఏదో చేసుంటావు. ఊరికే అంటారా?"

ఊరికే అంటారా! ఈ రెండు మాటలూ వినని మనుషులుండరు. అన్నవాడు ఒక్క రుజువు తేనక్కర్లేదు. పడ్డవాళ్ళు బతుకంతా రుజువులు వెతుక్కోవాలి. ఇస్త్రీ అక్క వెతుక్కోవడం మొదలుపెట్టింది, అదీ తనలోనే. బ్రష్షు పట్టినప్పుడు చెయ్యి ఆ మూలకేసి కొంచెం ఒరిగిందా? బాగా ఆడాలన్న ఆశ తెలీకుండానే చేతిలోకి దిగిందా? బంతిని పాకెట్‌లో వేసింది తన గురా, తన ఇస్త్రీనా? రాను రాను ఆమె మీద ఆమెకే అనుమానం ముదిరింది. అందరికన్నా గట్టి అనుమానం అదే.

తేల్చుకోడానికి ఒక దారి వెతికింది. అట్టముక్క వద్దన్నది పోటీనే కాబట్టి, పొద్దున హాలుకెళ్ళి, ఇస్త్రీ చెయ్యకముందే, నిన్నటి ఆటలతో నూగంతా చెదిరి ఉన్న గుడ్డ మీదే ఆడటం మొదలుపెట్టింది. ఇక నూగు సాయం లేదు. తర్వాత, కిందనుంచి పాత దిండు గలీబు ఒకటి పట్టుకెళ్ళి మూల పాకెట్ మీద పరదాలా వేసింది. కదలకుండా ఒక పక్క బ్రష్షు, ఇంకో పక్క చల్లారిన ఇస్త్రీ పెట్టె బరువు పెట్టింది. గలీబు అంచు టేబుల్‌ని తాకీ తాకనట్టు వేలాడుతుంది. బంతి దాన్ని తోసుకుని లోపలికి పోవచ్చు. కొట్టేవాళ్ళకి మాత్రం పాకెట్ కనబడదు.

"కనబడుతుంటే కళ్ళు చివరి క్షణంలో అటు పరిగెడతాయి. కళ్ళ వెనకాలే చెయ్యీ పోతుంది" అని నాతో చెప్పింది, నా దుప్పటి మడతపెడుతూ. "కనబడకపోతే ఇంక రంగుబంతినే చూడాలి. దాని వెనక్కాల ఇంకో బంతి ఆనుకుని ఉందనుకుంటాను. లేని బంతి. తెల్లబంతి వెళ్ళి సరిగ్గా దాని చోట్లో నిలబడాలి. అంతవరకే నా పని. తర్వాత చెవులు చూసుకుంటాయి."

నిజంగానే చెవులతోనే చూసేది. సరిగ్గా పడ్డ బంతి గలీబు వెనక "ధబ్" మంటుంది. తప్పినది కుషన్‌కి తగిలి గలీబుని ఊపి వెనక్కొస్తుంది. అటూ ఇటూ అంచులకి కొట్టుకుని బయటికి ఉమ్మేసినట్టొచ్చేది "టకటక" మంటుంది.

హాలు అద్దాల తలుపులోంచి ఇదంతా చూసినవాళ్ళు ఊరుకుంటారా? మెట్ల మీద గుసగుసలు కిందకి దిగుతూనే ఉన్నాయి. ఆమె బల్ల మెట్ల కిందే కాబట్టి, ఆమె గురించిన ప్రతి మాటా ఆమె నెత్తిమీద నుంచే పోయేది.

"ఆ గుడ్డ వెనకాల ఏదో పెడుతోంది బాబాయ్."

"పెట్టె చూశావా, సరిగ్గా పాకెట్ పక్కనే పెడుతుంది. అందులో అయస్కాంతం ఉంటేనో?"

"అయస్కాంతానికి ప్లాస్టిక్ బంతులు అంటుకుంటాయా?"

"ఏమో, నువ్వు చూశావా వాటి లోపల ఏముందో?"

"దాచడానికేం లేకపోతే గుడ్డెందుకు కప్పాలి, చెప్పు."

ఆమె వింటూనే ప్యాంటు మడత తిప్పేది.

*

మిగతా మూలలన్నీ మెల్లమెల్లగా మాట విన్నాయి. గలీబు వెనక ధబ్, ధబ్ అని పడటం మొదలైంది. కిటికీ పక్క ఎడమ మూల ఒక్కటే మొండికేసింది. సరిగ్గా కొట్టానని ఆమెకి గట్టిగా తెలిసిన బంతి కూడా అక్కడ టకటకమని బయటికొచ్చేది. గలీబు తీసేసి కొడితే ఎక్కువసార్లు పడేది. గలీబు వేస్తే ఉమ్మేసేది.

ఆ మూలేగా పోయినేడాది నల్లబంతి పడింది! ఛాంపియన్ వేలు చూపించింది ఆ మూలకేగా! అయితే ఆ రోజు నిజంగానే తన చెయ్యి కాదేమో, నూగే లాగిందేమో. ఈ ఆలోచన వచ్చిన రోజు ఆమె బల్ల తెరవలేదు. ఇంట్లో గోడకేసి తిరిగి పడుకుంది.

మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుంది.

"కన్నం మీద గుడ్డ కప్పి ఆడేదానికి కళ్ళజోడెందుకే?" అంది అత్తగారు.

"ఉండనివ్వమ్మా, గుడ్డ బాగా కనబడుతుంది" అన్నాడు భర్త. ఆ ఇంట్లో చాలా రోజులకి నవ్వు వినబడింది. ఇస్త్రీ అక్క కూడా నవ్వింది. కళ్ళజోడు వల్ల ఆ మూలలో మార్పేమీ రాలేదు.

ఈ ఏడాది పోటీ దగ్గరపడింది. ఆమె మేనేజరు దగ్గరికెళ్ళి నిలబడింది.

"నా పేరు పోటీలో రాయొద్దు తమ్ముడూ. ఒక్క ఆట ఆడనివ్వు, ఛాంపియన్‌తో. ఇస్త్రీ ఇంకెవరైనా చెయ్యండి. వారం ముందు నుంచీ నేను పైకే రాను."

"గెలిస్తే ఏమొస్తుందక్కా?"

"ఏం రాదు. ఓడినా పరవాలేదు. నేను చేత్తో ఆడానో ఇస్త్రీతో ఆడానో అందరూ చూడాలి. నేనూ చూడాలి."

మేనేజరు చాలాసేపు ఆమె మొహం చూడలేదు. కౌంటర్ మీద సుద్దముక్కలు సర్దాడు. ఆఖరికి సరేనన్నాడు. ఛాంపియన్ కూడా సరేనన్నాడు, ఒక షరతు మీద. ఆటకి ముందు అందరి ఎదుటా టేబుల్ తనిఖీ చెయ్యాలి, ముఖ్యంగా ఆవిడ గుడ్డ కప్పే మూలలు.

ఇంక పైకి రాననుకున్న చివరి పొద్దున, ఆమె బంతులన్నీ సర్దేస్తోంది. తొందరలో రెండేసి బంతులు ఒక్క చేత్తో కలిపి పాకెట్‌లోకి తోసేస్తోంది. అన్ని మూలల్లోనూ రెండూ పక్కపక్కనే జారిపోయాయి. కిటికీ పక్క మూలలో ఇరుక్కుపోయాయి. మళ్ళీ తోసింది. మళ్ళీ ఇరుక్కున్నాయి. వేలు పెట్టి చూస్తే, పాకెట్ నోటి పక్కన గుడ్డ కింద మెత్తగా, నొక్కితే లొంగే పొర ఏదో తగిలింది. రబ్బరు.

ఎవరో ఆ పాకెట్ నోరు ఇరుకు చేశారు. పాకెట్ కనబడినప్పుడు ఆమె కళ్ళు ఆ ఇరుకుని చూసి, ఆమెకి చెప్పకుండానే దెబ్బని సర్దేస్తున్నాయి. కనబడనప్పుడు ఆమె బంతి పాత నోటికి వెళ్తోంది. ఇన్నాళ్ళూ తప్పు ఆమె చేతిది కాదు.

సంతోషించాల్సిన మాటే. ఆమె మాత్రం చుట్టూ చూసి వేలు వెనక్కి తీసుకుంది. ఇప్పుడు చెబితే ఏమంటారు? ఏ మూల మీద నెలల తరబడి గుడ్డ కప్పింది? ఎవరూ లేనప్పుడు ఎవరు ఇక్కడుంటారు? చెప్పకపోతే? తనిఖీలో ఎలాగూ బయటపడుతుంది. అప్పుడూ అవే ప్రశ్నలు.

ఎవరికీ చెప్పకుండా కిందకి దిగింది. సాయంత్రం అత్తగారికి చెప్పింది.

"నిజం చెప్పు, నువ్వేనా?"

"బంతులు పడాలని చూసేదాన్ని, కన్నం నేనెందుకు ఇరుకు చేస్తానత్తయ్యా?"

ముసలావిడ గాజుగ్లాసులో టీ అడుగంటా తాగి, గ్లాసు కింద పెట్టింది. "అదీ నిజమే" అంది. గ్లాసు పక్కకి తోసి, "అయితే వాడే. రబ్బరు అమ్మేదెవడు? వాడే" అంది.

నిజమే కదా. స్పేర్ పార్టుల షాపు నిండా రబ్బరు వాషర్లూ రబ్బరు పైపులే. ఆ వారం ఛాంపియన్ చొక్కాలు వచ్చినప్పుడు ఇస్త్రీ అక్క ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. రబ్బరు వాసన. అది ఆ చొక్కాలకి ఎప్పుడూ ఉండే వాసనే. ఏళ్ళ తరబడి చేస్తోంది, ఏనాడూ పట్టించుకోలేదు. ఇప్పుడది సాక్ష్యంలా కొట్టింది. జేబులు వెతికింది. ఒక స్క్రూ దొరికితే దాన్ని కూడా అనుమానంగా చూసి దాచింది.

*

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ఇస్త్రీ మేనేజరే చేశాడు. గదంతా కాస్త మాడువాసన వేసింది. ఇస్త్రీ అక్క భర్త బస్సు డ్యూటీ లేక వచ్చాడు. అత్తగారు ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. మెట్టుమెట్టుకీ ఆగి, "ఇంత ఎత్తెక్కి ఆడేదేముందే ఇక్కడ" అని తిడుతూ వచ్చి, తలుపు పక్క కుర్చీలో, ఛాంపియన్ ఫోటోల కింద కూర్చుంది.

ఛాంపియన్ రెండు బంతులు చేతిలోకి తీసుకున్నాడు. సరైన పాకెట్‌లో రెండు బంతులు పక్కపక్కనే పడతాయని ఆయనకీ తెలుసు. ఒక్కో మూలకీ వెళ్ళి రెండూ కలిపి తోశాడు. జారాయి. జారాయి. కిటికీ పక్క మూలకొచ్చాడు. ఇరుక్కున్నాయి.

హాలంతా ఒక్కసారి ఆమె వైపు తిరిగింది.

"ఆ మూల మీదే గుడ్డ కప్పేది!"

"నేనానాడే చెప్పలేదా బాబాయ్, ఏదో పెడుతోందని?"

"పొద్దున్నే తాళం తీసి ఒక్కతే ఉంటుంది, ఇంకేం కావాలి."

ఛాంపియన్ జేబులోంచి చిన్న కత్తి తీసి గుడ్డ అంచు కోసి పైకి లేపాడు. నల్లటి రబ్బరు ముక్క బయటికొచ్చింది. దాన్ని ఎత్తి అందరికీ చూపించాడు. "ఏమ్మా, ఏంటిది?"

తలుపు పక్కనుంచి అత్తగారి గొంతు లేచింది.

"ఏం నాయనా, నా కోడలు దొంగాటే ఆడాలనుకుంటే తన బంతి పడే కన్నం తనే ఇరుకు చేసుకుంటుందా? నీ ఇంటి తలుపు నువ్వు వెళ్ళలేనంత సన్నంగా కట్టించుకుంటావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఛాంపియన్ మొహం ఎర్రబడింది. ఆ నవ్వుతో ఇస్త్రీ అక్కకి ధైర్యం వచ్చింది. ఏడాదిగా అనని మాటలన్నీ కలిసి ఒకే మాటగా వచ్చాయి.

"మీరే పెట్టించారు. రబ్బరు మీ షాపుదే."

ఛాంపియన్ తెల్లబోయి చూశాడు. ఆయన్ని ఎవరూ ఏనాడూ అనుమానించినట్టు లేదు. చేతిలోని రబ్బరు ముక్కని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆమె వారమంతా కూడబెట్టుకున్నది, వాసనా, స్క్రూ, ముసలావిడ మాటా, అంతా ఆ నిమిషంలో నిజం కంటే నిజంలా ఉంది.

"ఆయన కాదక్కా."

మేనేజరు. కౌంటర్ వెనక నిలబడి కిందకి చూస్తున్నాడు.

"నేనే పెట్టించాను. పోయినేడాది ఆట అయ్యాక. ఆ మూల లాగుతోందన్నారు కదా... నాకూ నిజమే అనిపించింది. గుడ్డ ఎంత దువ్వి చూసినా ఏం తేడా కనబడలేదు. సరే, పాకెట్టే వదులైందేమోనని టేబుళ్ళు బాగుచేసే ఫిట్టర్‌ని పిలిపించి నోటికి రెండు పక్కలా ఒక్కో పొర వేయించా. కింద టైర్ల కొట్టులో ట్యూబు ముక్క."

"మరి చెప్పలేదేం?" అన్నాడు ఆమె భర్త. వదిలెయ్ అనే మనిషి.

"ఎలా చెప్తానన్నా? గుడ్డలో ఏం లేదని తేలిందని కూడా చెప్పాల్సొస్తుంది కదా. ఆడరాదని బోర్డు అప్పటికే పెట్టేశాం."

చూశారా? లేని వంకరని నమ్మి, దాన్ని సరిచెయ్యబోయి, బాగున్న టేబుల్‌ని వంకర చేశారు. ఆ వంకర టేబుల్ మీద ఒక మనిషి నెలల తరబడి తన చేతిని తనే తిట్టుకుంది. గుడ్డలో తేడా లేదని ఏడాదిగా తెలిసినవాడు ఒకడున్నాడు. ఆ ఒక్కడూ ఆమెకి మంచివాడే. స్టిక్ పట్టుకోనిచ్చినవాడు. రోజూ అక్కా అని పిలిచినవాడు. చెడ్డవాళ్ళ కోసం వెతుకుతూ మనం ఎప్పుడూ ఇలాంటి మంచివాళ్ళని దాటిపోతాం.

ఇస్త్రీ అక్క స్టిక్ గోడకి ఆనించి ఛాంపియన్ దగ్గరికి వెళ్ళింది.

"తప్పయిందన్నా. చూడకుండా అన్నాను. అలా అనకూడదు."

"బుద్ధుండాలి మాట్లాడేముందు" అన్నాడాయన. "నలుగురిలో నా పరువు తీశావు."

ఆమె తలూపింది. దాచుకున్న స్క్రూ తీసి, "ఇది మీ చొక్కాలో ఉండిపోయింది" అని ఆయన చేతిలో పెట్టింది. ఆమె తప్పు ఒప్పుకోడానికి ఊపిరి తీసుకునేంత సేపు పట్టింది. ఆయన మాట తప్పని తేలి, రబ్బరు ముక్క ఆయన చేతిలోనే వేలాడుతూ ఉంది. ఆయన నుంచి ఆమెకి ఒక్క మాట రాలేదు. పరువు ఆయనకొక్కడికే ఉందనుకోవాలి.

"సరే, అయితే ఆట మొదలెట్టండి" అంది అత్తగారు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. గుడ్డ అంచు కోసేశాం కాబట్టి టేబుల్ ఇప్పుడు ఆటకి పనికిరాదన్నాడు. ఫిట్టర్ వచ్చి రబ్బరు రెండో పక్కన కూడా తీసి, గుడ్డ మళ్ళీ బిగించాక, వేరే రోజు పెడదామన్నాడు. జనం కుర్చీలు జరుపుకుంటూ లేచారు. మెట్లు దిగేటప్పుడు ఒకాయన పక్కాయనతో అన్న మాట నేను విన్నాను.

"అయినా ఇంకేదో ఉండే ఉంటుంది. లేకపోతే అలా కప్పుకుని ఎందుకు ఆడుతుంది?"

*

ఇది జరిగి చాలా రోజులైంది. పోటీ రెండో టేబుల్ మీద అయిపోయింది, తలుపు పక్కన ఇంకో ఫోటో చేరింది. ఫిట్టర్ ఇంకా రాలేదు. పాకెట్ ఇరుకు చెయ్యడానికి ఒక్క ఫోన్‌కే వచ్చినవాడు విప్పడానికి తీరికలేదంటున్నాడట. బోర్డు గోడకి అలాగే ఉంది. ఇస్త్రీ అక్క పొద్దున్నే పైకెళ్తుంది. గుడ్డ చెదిరి ఉండగానే గలీబు వేసి ఆడుతుంది. ఇప్పుడు తనని తను పరీక్షించుకోడానికి కాదట. "ఆ ధబ్ అనే చప్పుడు బాగుంటుంది" అంటుంది. కిటికీ మూలకి మాత్రం కొట్టదు. బాగుచేశాక కొడతానంటుంది. అత్తగారు ఇప్పుడు అప్పుడప్పుడూ మెట్లెక్కి వెళ్ళి, ఎవరైనా అద్దంలోంచి తొంగిచూస్తే, "లోపలికొచ్చి చూడు నాయనా, బయటనుంచి ఏం కనబడుతుంది" అని పిలుస్తుంది. వాళ్ళు రారు.

ఆమెకి కావలసింది ఇప్పటికీ అదే, అందరూ చూస్తుండగా ఒక్క ఆట. గెలిపించమని అడగడం లేదు. జాలిపడమని అసలే అడగడం లేదు.

కాబట్టి చదివేవాళ్ళని అడుగుతున్నాను. మీరు పనిచేసే చోటా, ఆడుకునే చోటా, గోడమీద ఇలాంటి అట్టముక్క ఒకటి ఉండే ఉంటుంది. పనిచేసేవాళ్ళు లిఫ్ట్ ఎక్కరాదనో, ఈ కుర్చీలో కూర్చోరాదనో, వెళ్ళేటప్పుడు సంచీ తెరిచి చూపించాలనో. రోజూ దాని పక్కనుంచే వెళ్తుంటారు. రేపు ఆగి చదవండి. ఇది రాసేముందు ఎవరేం పరీక్షించారని, రాయించినవాళ్ళని పేరు పెట్టి అడగండి. జవాబు రాకపోతే, దాన్ని తీయించేదాకా రోజూ అడగండి. ఎవరైనా "ఊరికే అంటారా" అంటే, అవును, ఊరికే అంటారు, మేం చూశాం అని చెప్పండి.

మా వీధి హాలుకి వచ్చేవాళ్ళతో ఇంకో మాట. మీరెవరో మీకు తెలుసు. ఆ మెట్లెక్కేటప్పుడు మెట్ల కింద ఒకసారి చూడండి. పైకెళ్ళి, ఆ ఆట ఎప్పుడు పెడతారని మేనేజరుని అడగండి. ఫిట్టర్ రాలేదంటాడు.

ఫిట్టర్‌ని మీరే వెంటబెట్టుకుని రండి.